ప్రోటాన్లు ఏ కొట్లో దొరుకుతాయి?

"తాతయ్యా, క్యాన్సర్‌కి ప్రోటాన్ థెరపీ అంటారు గదా, ఆ ప్రోటాన్లు ఎక్కడ కొంటారు?" అని అడిగింది మా మనవరాలు. ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. పక్కనే ఉన్న వాళ్ల నాన్న ఫక్కున నవ్వాడు. నవ్వాల్సిన ప్రశ్నేమీ కాదది. ప్రోటాన్లను వేగపరిచే యాక్సిలరేటర్ల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు వలయం చుట్టుకొలతతో మొదలై అయస్కాంతాల బరువుతో ముగుస్తాయి. అందులో పరిగెత్తే సరుకు ఎక్కణ్ణించి వస్తుందో చెప్పిన వ్యాసం నా కంటపడ్డం అరుదు. కాబట్టి ఇవాళ్టి కబుర్లు ఆ సరుకు గురించే.

"గ్యాస్ సిలిండర్లు అమ్మే కంపెనీలో కొంటారమ్మా" అన్నాను. వేళాకోళానికి అన్న మాట కాదు. హైడ్రోజన్ పరమాణువంటే ఒక ప్రోటాను, దానికి తోడు ఒక ఎలక్ట్రాను. ఎలక్ట్రాన్ని ఊడబీకితే మిగిలేది ప్రోటానే. జెనీవా దగ్గర సెర్న్‌లో 27 కిలోమీటర్ల వలయం ఉంది చూశారూ, 2018 దాకా అందులో తిరిగిన ప్రోటాన్లన్నీ లినాక్-2 అనే యంత్రం మొదట్లో పెట్టిన చిన్న హైడ్రోజన్ సీసాలోంచి వచ్చినవే. వలయం నిండుగా ఉన్నప్పుడు ఒక్కో కిరణంలో 2,808 గుంపులు, గుంపుకి సుమారు 11,500 కోట్ల ప్రోటాన్లు. ఒక కిరణంలోవన్నీ కలిపి తూకం వేస్తే నానోగ్రాములో సగం తూగుతాయి.

"మరి ఆసుపత్రికో?" అంది పిల్ల. కాగితం తెచ్చుకోమన్నాను. ఇలాంటివి చెబితే వినడం వేరు, తానే లెక్క కట్టుకోవడం వేరు. కిలో కండకు ఒక జౌలు శక్తి అందితే ఒక గ్రే మోతాదు. రోజువారీ సిట్టింగులో మామూలుగా 2 గ్రేలు ఇస్తారు. కణితి, దాని చుట్టుపక్కలా కలిపి కిలో అనుకుందాం, ఎక్కువే అనుకుందాం. 2 జౌళ్లు కావాలి. ఒక్కో ప్రోటాను అక్కడ సుమారు 10 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వదిలిందనుకుంటే, భాగహారం చేస్తే 12,500 కోట్ల ప్రోటాన్లు వస్తాయి. ఇక ఒక నీటిబొట్టు తీసుకో. మిల్లీలీటరుకి ఇరవై బొట్లు. ఒక్క బొట్టులోనే హైడ్రోజన్ కేంద్రకాలు మూడు కోటి కోటి కోట్లకు పైన ఉంటాయి. ఎన్ని సిట్టింగులకు సరిపోతాయో చూడు. పిల్ల రెండుసార్లు లెక్క చూసుకుని "2,700 కోట్ల సిట్టింగులా!" అని నోరు తెరిచింది. భూమ్మీద ఉన్న జనమందరికీ తలా మూడు సిట్టింగులన్నమాట, ఒక్క నీటిబొట్టుతో.

అంటే సరుక్కి కొదవ లేదు. చిక్కంతా దాన్ని విడదీసి, వెంట్రుకంత సన్నని ధారగా, వణుకు లేకుండా, రాత్రింబవళ్లు బయటికి లాగడంలో ఉంది. ఎలక్ట్రాన్లు ఊడి ఆవేశం వచ్చిన పరమాణువుని అయాన్ అంటారు కనుక, ఆ పని చేసే పరికరం పేరు అయాన్ సోర్స్. ఆ రంగంలో వాళ్లు ఉట్టి 'సోర్స్' అంటారు.

హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ని ఊడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు పడుతుంది. వేడి చేస్తే ఊడదా అంటే, ఊడుతుంది. ఎంత వేడికి ఎంత వంతు ఊడుతుందో చెప్పే సూత్రాన్ని 1920లో మన మేఘనాథ్ సాహా ఇచ్చాడు. నక్షత్రాల వెలుగును అర్థం చేసుకోవడానికి కట్టిన లెక్క అది. దాని ప్రకారం హైడ్రోజన్ సగానికి సగం విడిపోవాలంటే పదివేల డిగ్రీలకు అటూ ఇటూగా కాగాలి. లోహాలన్నిట్లో మొండిదైన టంగ్‌స్టన్ కూడా 3,422 డిగ్రీలకే కరిగి కారిపోతుంది. ఇక ఏ పాత్రలో కాస్తాం? అందుకని వాయువుని కాచడం మానేసి, ఎలక్ట్రాన్లను మాత్రం ఉరికించి, వాటిచేత పరమాణువుల్ని కొట్టిస్తారు. ఎల్‌ఈడీలు రాకముందు మన ఇళ్లలో వెలిగిన ట్యూబ్‌లైట్‌లో జరిగిందీ ఇదే. లోపల అయాన్లు, ఎలక్ట్రాన్లు కలగలిసిన ప్లాస్మా ఉండేది. గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా మాత్రమే ఉండేది. ఆ ప్లాస్మాను డబ్బాలో బంధించి, డబ్బాకి ఒక రంధ్రం పెట్టి, రంధ్రానికి ఎదురుగా వేల వోల్టుల ప్లేటు నిలబెడితే అయాన్లు ప్లేటు వైపు దూసుకొస్తాయి. ప్లేటుకీ ఒక రంధ్రం ఉంటుంది, దానిగుండా అవతలికి పోతాయి. సోర్స్ అంటే సూత్రంలో ఇంతే.

1931లో అమెరికాలో బర్క్‌లీలో లారెన్స్, లివింగ్‌స్టన్ కలిసి, అయాన్లను అయస్కాంతంతో గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచే తొలి సైక్లోట్రాన్ నడిపినప్పుడు నాలుగున్నర అంగుళాల గదిలో 80,000 ఎలక్ట్రాన్ వోల్టులు సాధించారు. ఎలక్ట్రాన్ల కోసం అందులో ఎర్రగా కాలే ఫిలమెంటు పెట్టారు. ఫిలమెంటుతో గొడవేమిటంటే అది బల్బులో మాడిపోయినట్టే ఇక్కడా మాడిపోతుంది, పైగా అయాన్ల దెబ్బలు తింటూ ఇంకా తొందరగా పోతుంది. దీనికి మంచి విరుగుడు హాలండులో ఫిలిప్స్ కంపెనీ ప్రయోగశాల నుంచి వచ్చింది. పెన్నింగ్ అనే ఆయన 1930లలో శూన్యాన్ని కొలిచే పరికరం మీద పనిచేస్తూ ఒక అమరిక కనిపెట్టాడు. పైనొక కేథోడు, కిందొక కేథోడు, మధ్యలో యానోడు గొట్టం, నిలువునా అయస్కాంత క్షేత్రం. అందులో పడ్డ ఎలక్ట్రాను గోడవైపు పోబోతే అయస్కాంతం పోనివ్వదు. కిందికి పోతే కింది కేథోడు తరిమేస్తుంది, పైకొస్తే పైది తరిమేస్తుంది. దిక్కుతోచక పైకీ కిందికీ తిరుగుతూ దారిలో తగిలిన ప్రతి పరమాణువునీ కొడుతుంది. కాసింత వాయువుతోనే ప్లాస్మా రగులుకుంటుంది. ఫిలమెంటు అక్కర్లేదు.

సైక్లోట్రాన్ వాళ్లకి ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. సైక్లోట్రాన్ అంటేనే పెద్ద అయస్కాంతం. పెన్నింగ్ అమరికకు కావలసిన క్షేత్రం అక్కడ ఊరికే దొరుకుతోంది. కాబట్టి సోర్స్‌ని యంత్రం నడిబొడ్డునే దూర్చేశారు. టన్నుల ఇనుము మధ్యలో వేలెడు లావు గొట్టం. దాన్ని చిమ్నీ అంటారు. రాగి, టంగ్‌స్టన్ కలిపి చేస్తారు, దానికి నిలువుగా సన్నని చీలిక ఉంటుంది. ఆ చీలికలోంచే అయాన్లు బయటికి తొంగిచూస్తాయి.

కొన్నాళ్లు పనిచేసిన ఈ సోర్స్‌ని విప్పి చూస్తే కథ తెలుస్తుంది. కేథోడులు టాంటలం బిళ్లలు, బొత్తాలంత ఉంటాయి. కొత్తవి నునుపుగా మెరుస్తాయి. పాతదాని నడిమధ్య అయాన్లు తవ్విన గుంట కనిపిస్తుంది. అక్కణ్ణించి ఎగిరిన లోహం చిమ్నీ లోపలి గోడకి పొరలు పొరలుగా అంటుకుని, పెచ్చులూడి, ఒక్కోసారి కేథోడుకీ చిమ్నీకీ మధ్య పడి షార్ట్ చేస్తుంది. చీలిక అంచులు కూడా అరిగి వెడల్పవుతాయి, దాంతో వాయువు ఎక్కువ కారుతుంది, లోపలి శూన్యం చెడుతుంది. అందుకే వీటిని తరచూ మార్చాలి. యంత్రం నడిబొడ్డు కొంత రేడియోధార్మికంగా మారి ఉంటుంది కనుక, కాసేపు చల్లారనిచ్చి, వెళ్లినవాళ్లు చకచకా పని ముగించుకుని బయటపడాలి. కోట్ల రూపాయల యంత్రం ఇలా ఒక బొత్తం అరిగిపోయి ఆగడం ఆ రంగంలో మామూలు విషయమే.

పెన్నింగ్ సోర్స్‌కి పోటీగా వచ్చింది డ్యువోప్లాస్మట్రాన్. జర్మనీకి చెందిన మాన్‌ఫ్రెడ్ ఫాన్ ఆర్డెన్ 1956లో ప్రకటించాడు. ప్లాస్మాను ముందు ఇరుకు దారిగుండా పిండి, తర్వాత బలమైన అయస్కాంతంతో ఇంకా నొక్కి, చివరికి చిన్న రంధ్రం దగ్గర చిక్కగా తేలేట్టు చేస్తుంది. నేను చెప్పిన సెర్న్ సీసా పక్కన ఉండేది ఇదే. కాలిఫోర్నియాలో లోమా లిండా ఆసుపత్రిలో 1990లో ప్రోటాన్ చికిత్స మొదలైనప్పుడు కూడా దీన్నే పెట్టారు. ఆసుపత్రి కోసమే కట్టిన మొట్టమొదటి ప్రోటాన్ కేంద్రం అది. హైడ్రోజన్ వరకు దీనికి వంక పెట్టలేం.

ఇక కార్బన్ సంగతి చెప్పాలి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ప్రోటాను కంటే పన్నెండు రెట్లు బరువైన కార్బన్ అయాను ఒంట్లోకి పోయేటప్పుడు పక్కలకు తక్కువ చెదురుతుంది, ఆగే చోట దెబ్బ గట్టిగా వేస్తుంది. కొన్ని మొండి కణితులకు అది కావాలి. 1994లో జపాన్‌లో చిబా నగరంలో హైమాక్ అనే యంత్రంతో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. 2009లో జర్మనీలో హైడెల్‌బర్గ్, ఆ తర్వాత ఇటలీలో పావియా అందుకున్నాయి. కార్బన్‌కి ఆరు ఎలక్ట్రాన్లు. ఒక్కటి తీసి వదిలేస్తే లాభం లేదు. విద్యుదావేశం తక్కువైతే దాన్ని వేగపరచడానికి యంత్రం అంతకంత పెరిగిపోతుంది. ఆరూ తీయాలి.

ఎంత కష్టమో అంకెలు చెబుతాయి. మొదటి ఎలక్ట్రానుకి 11.3 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండోదానికి 24.4, మూడోదానికి 47.9, నాలుగోదానికి 64.5. ఇక్కడిదాకా సరే, మెట్లెక్కినట్టే ఉంది. అయిదోది? 392. ఆరోది 490. నాలుగు ఊడాక మిగిలిన రెండూ కేంద్రకాన్ని కరుచుకుని కూర్చున్న లోపలి గూటివి. అవి అంత తేలిగ్గా కదలవు. అందుకని పనివాళ్లు తెలివైన ఒప్పందానికి వచ్చారు. సోర్స్‌లో నాలుగే తీస్తారు. నాలుగు ఊడిన అయాన్ని హైడెల్‌బర్గ్‌లో ముందు లినాక్ అనే చిన్న తిన్నని యాక్సిలరేటర్‌లో వెలుగు వేగంలో ఎనిమిదో వంతు దాకా పరిగెత్తించి, పల్చటి కార్బన్ రేకుగుండా దూకిస్తారు. ఆ విసురుకి మిగతా రెండూ రేకు దగ్గరే ఊడిపోతాయి. అప్పుడు ఆరు ఆవేశాల పూర్తి కేంద్రకం సింక్రోట్రాన్ అనే వలయంలోకి పోతుంది.

ఆ నాలుగు తీయడానికి కూడా పాత సోర్స్‌ల శక్తి చాలదు. తీస్తే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వస్తాయి. ఈ ముడి విప్పినవాడు ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లో పనిచేసిన రిచర్డ్ గెల్లర్. ఆయన మొదట కేంద్రక సంలీనం కోసం ప్లాస్మాలను బంధించే పనిలో ఉన్నవాడు. సూర్యుణ్ణి సీసాలో పెడదామని బయలుదేరిన వాళ్లకు సూర్యుడు ఇంకా చిక్కలేదుగానీ, ఆ సీసాలోంచి మంచి అయాన్ సోర్స్ బయటపడింది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాను గుండ్రంగా తిరుగుతుంది. క్షేత్రం 875 గాస్ ఉంటే సెకనుకి సరిగ్గా 245 కోట్ల చుట్లు. అంటే 2.45 గిగాహెర్ట్జ్. మీ వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే దాని వెనక అతికించిన చీటీ చదవండి, అదే అంకె కనిపిస్తుంది. ఎలక్ట్రాను తిరిగే తాళానికి సరిగ్గా అదే తాళంతో మైక్రోవేవ్ తరంగం తగిలితే ఏమవుతుంది? అట్లతద్దినాడు ఉయ్యాల ఊపే పిల్లలకు తెలుసు. బలంగా తోయక్కర్లేదు, ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ అదను తప్పకుండా చిన్న తోపు తోస్తే చాలు, కొమ్మల్ని తాకేదాకా పోతుంది. ఎలక్ట్రాన్లూ అలాగే చుట్టుచుట్టుకీ శక్తి పుంజుకుని, కోటి డిగ్రీల వేడికి సమానమైన స్థితికి చేరతాయి. చిత్రమేమిటంటే పక్కనే ఉన్న అయాన్లు దాదాపు చల్లగానే ఉంటాయి, గోడలకు నీళ్లు తిప్పితే సరిపోతుంది. సాహా లెక్కను ఇలా దాటేశారు. మాడిపోవడానికి ఫిలమెంటు లేదు, అరగడానికి కేథోడు లేదు. నెలల తరబడి విప్పకుండా నడుస్తుంది.

"ఈసీఆర్ సోర్స్ అంటే ఇదేనా?" అంది మనవరాలు, ఎక్కడో చదివినట్టుంది. ఇదే. ఎలక్ట్రాన్ సైక్లోట్రాన్ రెసొనెన్స్. ప్రోటాన్లకైతే వంటింటి ఓవెన్ తరంగమే చాలు. ఆ మాగ్నెట్రాన్లు లక్షల్లో తయారవుతాయి కనుక చవక. స్వీడన్‌లో లుండ్ పట్టణంలో కట్టిన పెద్ద న్యూట్రాన్ కేంద్రానికి ఇటలీలోని కటానియాలో చేసిచ్చిన సోర్స్ ఈ రకమే. కార్బన్‌కి మాత్రం ఇంకా వేగమైన తాళం కావాలి. 14.5 గిగాహెర్ట్జ్ అంటే అయస్కాంతం 5,000 గాస్ దాటాలి.

తొలినాటి గెల్లర్ యంత్రాలు ఆ క్షేత్రం కోసం రాగి చుట్టల్లోంచి మెగావాట్ల కొద్దీ కరెంటు తాగేవి. ఆసుపత్రిలో ఎవడు పెట్టుకుంటాడు దాన్ని? 1980లలో నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపిన శాశ్వత అయస్కాంతాలు వచ్చాయి. మీ ఇయర్‌ఫోన్లలో, ఎలక్ట్రిక్ స్కూటర్ మోటార్లో ఉన్నవి అవే. వాటిని ముక్కలుగా కోసి గొట్టం చుట్టూ పేరిస్తే కరెంటు లేకుండానే క్షేత్రం వచ్చేసింది. ఫ్రాన్స్‌లో పాంటెక్నిక్ కంపెనీ చేసే సూపర్‌నానోగన్ అలాంటిదే. హైడెల్‌బర్గ్‌లో, పావియాలో ఉన్నది ఇదే. జపాన్ వాళ్లు కెయి అనే పేరుతో సొంతంగా 10 గిగాహెర్ట్జ్ సోర్స్ చేసుకున్నారు. కార్బన్ కోసం జపాన్‌లో మీథేన్ వాడతారు, హైడెల్‌బర్గ్‌లో కార్బన్ డయాక్సైడ్. అవును, గోలీసోడాలో బుసబుసలాడే గ్యాసే. హైడెల్‌బర్గ్‌లో రోగి చుట్టూ తిరుగుతూ కార్బన్ కిరణాన్ని ఏ దిక్కునుంచైనా అందించే ఇనుప పందిరి బరువు 670 టన్నులు. దానికి సరుకు పంపే సోర్స్ బల్లమీద పట్టేస్తుంది.

ఇంత చిన్నదాని గురించి ఇంత చెప్పడమెందుకంటే, కిరణం గుణం అక్కడే ఖాయమైపోతుంది. అయాన్లు రంధ్రం దాటేటప్పుడు ఎంత మేర పరుచుకున్నాయి, ఎంత కోణంలో చెదిరాయి అన్న రెండిటి లబ్ధాన్ని ఆ తర్వాత ఏ అయస్కాంతమూ తగ్గించలేదు. సన్నం చేయబోతే చెదురు పెరుగుతుంది, చెదురు తగ్గించబోతే కిరణం లావెక్కుతుంది. పందొమ్మిదో శతాబ్దపు గణితవేత్త లియోవిల్ పేరుమీదున్న సిద్ధాంతం అది. పక్కనున్న అయాన్లని కోసి పారేయడమే మిగిలిన దారి, అప్పుడు సరుకు పోతుంది. మొక్కై వంగనిది మానై వంగదు. కొన్ని ప్రోటాన్ యంత్రాల్లో రోగికి అందే కిరణం తీవ్రతను హెచ్చించేదీ తగ్గించేదీ కూడా సోర్స్‌లో ప్లాస్మాను రగిలించే ఆర్క్ కరెంటును మార్చే. అక్కడ ప్లాస్మా మినుకుమంటే ఇక్కడ మోతాదు మినుకుమంటుంది.

మన దేశంలో ఈ పని జరగలేదనుకోకండి. ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వాళ్లు పాంటెక్నిక్‌తో కలిసి పీకేడెలిస్ అనే 18 గిగాహెర్ట్జ్ ఈసీఆర్ సోర్స్ చేశారు. దాని చుట్టలు ద్రవ హీలియం అక్కర్లేని రకం సూపర్ కండక్టర్లవి, అలాంటి వాటిలో మొదటిది. ట్రాంబేలో బార్క్ వాళ్ల లెహిపా యాక్సిలరేటర్ కూడా ఈసీఆర్ సోర్స్‌తోనే మొదలవుతుంది, 2023లో 2 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు అందుకుంది. కోల్‌కతాలో సైక్లోట్రాన్లు, చెన్నైలో, ముంబై దగ్గర ఖార్ఘర్‌లో ప్రోటాన్ చికిత్స, ఇవన్నీ మీకు తెలిసినవే. తెలుగువాళ్లలో ఒక్కరిని మాత్రం తలుచుకోవాలి. సోర్స్ ఎంత గొప్పదైనా చుట్టూ శూన్యం లేకపోతే అయాన్లు గాలికి కొట్టుకుని అక్కడే చస్తాయి. ఆ శూన్యం ఎలా సాధించాలి, ఎలా కొలవాలి అన్న దాని మీద 1940లలోనే ఇంగ్లీషులో పుస్తకం రాసిన పెద్దమనిషి పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన స్వామి జ్ఞానానంద. సన్యాసం పుచ్చుకుని హిమాలయాలకు పోయి, అక్కణ్ణించి యూరప్ ప్రయోగశాలలకు పోయిన మనిషి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖ ఆయన చేతుల మీద పెరిగిందే. మన పిల్లలకు ఆయన పేరు చెప్పే పాఠం ఒక్కటైనా ఉండాలని నా గొణుగుడు.

చివరగా, మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు పనిపడే సోర్స్ ఒకటుంది. పెట్ స్కాన్ కోసం వాడే సైక్లోట్రాన్‌లోది. హైదరాబాదులోనూ ఈ యంత్రాలున్నాయి. వీటిలో చాలావాటికి మధ్యలో ఉండేది నేను చెప్పిన పెన్నింగ్ చిమ్నీయే. కాకపోతే ఇక్కడ హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ని తీయరు, అదనంగా ఇంకొకటి తగిలిస్తారు! రుణ అయాన్ అవుతుంది. ఎందుకీ తలకిందుల పని? అది తిరిగి తిరిగి అంచుకొచ్చాక అక్కడొక పల్చటి కార్బన్ రేకు అడ్డుపెడతారు. రెండు ఎలక్ట్రాన్లూ ఊడి రుణం కాస్తా ధనమవుతుంది. ఆవేశం మారగానే అయస్కాంతం దాన్ని ఎదురు దిక్కుకి వంచుతుంది, కిరణం తనంత తానే యంత్రంలోంచి బయటికొస్తుంది. లాగడానికి వేరే సరంజామా ఏదీ అక్కర్లేదు. ఆ ప్రోటాన్లు ఆక్సిజన్-18 ఉన్న నీళ్లను తాకితే ఫ్లోరిన్-18 పుడుతుంది. దాన్ని చక్కెరకు తగిలించి రోగికి ఎక్కిస్తారు.

ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. దాన్ని దాచిపెట్టడం ఎవరి తరమూ కాదు. హైదరాబాదులో చేసి అయిదు గంటలు కారులో విజయవాడ తీసుకెళితే చేరేది ఆరో వంతు కూడా కాదు. మీ పేరున లెక్కగట్టి తెల్లవారుజామున తయారుచేసిన మందు అది. కాబట్టి పెట్ స్కాన్‌కి ఎనిమిదింటికి రమ్మంటే ఎనిమిదింటికే వెళ్లండి, చెప్పినట్టు ఖాళీ కడుపుతో వెళ్లండి. రాలేకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, ఆ మోతాదు ఇంకొకరికి పనికొస్తుంది.